పసుపు వెలిసే ఎండ కోసం పడమటికి

పెండిల్ హిల్

ఇటలీలో చెట్ల బెరడుతో పదును చేసిన తోలు మీద పసుపు మరక పడితే, దానిని వదిలించడానికి సిడ్నీ నుంచి ఎంత దూరం పోవాలి? 1999 అక్టోబరుకు ముందు ఎవరైనా నన్ను ఈ మాట అడిగి ఉంటే, ప్రశ్నలోనే లోపం ఉందని చెప్పి ఉండేవాణ్ణి. తూనికలు, కొలతల శాఖలో ఉద్యోగం చేసి విరమించినవాణ్ణి. కొలతకు లొంగని ప్రశ్నను ప్రశ్నగా అంగీకరించే అలవాటు నాకు లేదు. అయితే ఆ నెలలో మేము ముగ్గురం ఒక తోలు చుట్టను వెంటబెట్టుకొని మూడు రోజులు పడమటి దిక్కుగా ప్రయాణం చేశాము. ఆ ప్రశ్నకు జవాబు ఉన్నది. ఆ దారిన పోనివారి కోసం దానిని వరుసగా చెబుతాను.

నేను సిడ్నీలో దిగినది మా అక్కయ్య కొడుకు రవి ఇంట. పెండిల్ హిల్ అనే ఆ పేటలో కరివేపాకు దొరుకుతుంది, ఇడ్లీ రవ్వ దొరుకుతుంది, మామిడికాయ కూడా దొరుకుతుంది కాని దానికి పులుపు ఉండదు. రవి కంప్యూటర్ ఉద్యోగి. పూర్వం ఎవరో సంవత్సరాన్ని నాలుగంకెలకు బదులు రెండంకెలతో రాసినందువల్ల, రెండువేల సంవత్సరం రాగానే యంత్రాలన్నీ తాము పంతొమ్మిది వందలలో ఉన్నామని భ్రమపడతాయట. ఆ భ్రమ తొలగించడమే వాడి పని. రెండంకెలు ఆదా చేయబోయి లోకం ఇంత శ్రమ పడుతున్నదని తెలిశాక, అంకెల పట్ల నాకున్న గౌరవం ఇనుమడించింది.

"మావయ్యా, ఐయామ్ సారీ. డిసెంబర్ థర్టీఫస్ట్ దాటేదాకా ఆఫీస్‌లో ఎవ్వరికీ లీవ్ లేదు. బ్లూ మౌంటెన్స్‌కి నెక్స్ట్ మంత్ పక్కా తీసుకెళ్తా" అన్నాడు వాడు.

"పోయిన నెల కూడా వచ్చే నెలే అన్నావు."

"అప్పుడు అది డిఫరెంట్ బగ్, మావయ్యా!"

అందువల్ల నాకు సాయంకాలపు తోడు సింహాద్రి. రవి ఇంటి వెనక వీధిలో ఉంటాడు. యాభై దాటిన మనిషి. ఫిజీ దీవుల్లో పుట్టిన తెలుగువాడు. తాత విశాఖ ప్రాంతం నుంచి చెరకు తోటల్లో పనికి ఓడెక్కి పోయాడు. 1987లో అక్కడ సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసిన తరువాత సింహాద్రి, భార్య పారమ్మ సిడ్నీకి వచ్చారు. ఫిజీలో గుర్రాలకు, ఎడ్లకు తోలు పట్టీలు కుట్టేవాడు. సిడ్నీలో ఒక బూట్ల ఫ్యాక్టరీలో తోలు కత్తిరించేవాడు. ఫ్యాక్టరీ మూతపడింది. ఇప్పుడు దుకాణాల సముదాయంలో మెట్ల కింద కూర్చుని తాళం చెవులు కోస్తున్నాడు.

ఆ సమయంలో అతనికి ఒక పిలుపు వచ్చింది. పడమటన, కొండలకు ఆవల ఒక చిన్న ఊళ్లో గ్రేమ్ అనే ఆసామి పాత పద్ధతి బూట్లు చేతితో చేయిస్తాడు. (ఊరి పేరు రాయవద్దని ఆయన కోరినందున రాయడం లేదు.) అక్కడ తోలు కత్తిరించే ముసలాయన విరమించాడు. "ఇటలీ నుంచి వచ్చిన తోలు ఒకటి నీ ఇంటికి పంపిస్తున్నాను. సోమవారం దానిని తీసుకొని రా. నా ఎదుట ఒక జత కత్తిరించి కుట్టు. నచ్చితే ఆ బల్ల నీదే" అని గ్రేమ్ ఫోనులో చెప్పాడు. యాభై దాటినవాణ్ణి మరొకరు పిలుస్తారన్న ఆశ సింహాద్రికి లేదు.

తోలు దసరా నాడు వచ్చింది. పారమ్మ దానిని ఉతికిన దుప్పటి మీద పరచి, నాలుగు మూలలా, నడిమధ్యన తడి పసుపు పూసి, పైన కుంకుమ బొట్లు పెట్టి, అగరువత్తి వెలిగించింది. భర్త వచ్చి చూసి కేక పెట్టగానే తడిగుడ్డతో తుడిచింది. తడిగుడ్డ పసుపును తీయలేదు, చుట్టుపక్కలకు పంచింది.

నన్ను పిలిచారు. ఎవరి లోపాన్నయినా పట్టగల ఇన్‌స్పెక్టరునని వారి నమ్మకం.

"సూడన్నా. మూలలొగ్గేస్తాను, అయి ఎలాగూ పోయీవే. నడుమ పోనాది. అసలు సరుకంతా నడుమే" అన్నాడు సింహాద్రి.

"ముప్పై ఏళ్లు కత్తికి బొట్టెట్టినాను, సుత్తికి ఎట్టినాను, కుట్టు మిసనుకి ఎట్టినాను. అప్పుడు మంచిదాన్ని. తోలుకి ఎట్టినాననీసరికి సెడ్డదాన్నైపోనానా?" అన్నది పారమ్మ.

"కత్తి పసుపు తాగదు, ఈ తోలు తాగుద్ది. అడుగన్నా, ఆ ముక్క ఆవిడకి తెలుసునా అని."

పారమ్మ మా ఇద్దరి మధ్యనే నిలబడి ఉన్నది. అయినా అడిగాను. ఆ రోజు నుంచి ఆ భార్యాభర్తల మాటలన్నీ నా ద్వారానే జరిగాయి.

మన బజారులో దొరికే బూట్ల తోలు అధికభాగం క్రోమియం ఉప్పుతో పదును చేసినది. పైన రంగుపూత ఉంటుంది. ఇది అటువంటిది కాదు. బెరడు, కలప రసాల తొట్లలో వారాల తరబడి నానినది. పైన ఏ పూతా లేదు. టీ బిస్కెట్టు రంగు. ముక్కు దగ్గర పెట్టుకుంటే కరక్కాయ నూరిన వాసన, దాని వెనక ఎండుగడ్డి వాసన. నీరు, నూనె, ఎండ, చేతి చెమట, ఏది తగిలినా లోపలికి తీసుకుంటుంది. మందం చూద్దామని ఉక్కు స్కేలు తీయగానే సింహాద్రి నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఇనుము ఆనించకన్నా! తడి మీదున్నాది. నల్లబడిపోద్ది."

నమ్మలేదు. అటువంటి తోలుదే పనికిరాని పాత ముక్క ఒకటి అడిగి తీసుకొని, తడిపి, దాని మీద మేకు పెట్టాను. కాఫీ తాగి వచ్చేసరికి మేకు ఆకారంలో నీలి నలుపు మచ్చ. కరక్కాయ, ఇనుము కలిపి పూర్వం సిరా కాచేవారని చదివాను. దాని రుజువు ఇంత ఆలస్యంగా, ఇంత దూరంలో చూశాను.

పసుపు బట్టను ఎండలో వేస్తే వెలిసిపోతుందని పారమ్మ అన్నది. ఎండలో వేస్తే ఈ తోలు ముదురుతుందని సింహాద్రి అన్నాడు. ఇద్దరూ నాతోనే అన్నారు, ఇద్దరూ నిజమే చెప్పారు. నా ఆసక్తి అక్కడ మొదలైంది. ఒకటి పలచబడుతుంది, ఒకటి చిక్కబడుతుంది. అటువంటప్పుడు అవి రెండూ ఎక్కడో ఒకచోట కలవాలి కదా? ఆ చోటు ఏది?

కాని సిడ్నీలో వారమంతా ముసురు. రేడియోలో కొండలకు ఆవల మాత్రం ఎండ అని చెప్పారు. సోమవారం చేరవలసిన ఊరికి శనివారమే బయలుదేరాము.

కొండలు దాటి లిత్‌గో

సింహాద్రి వాహనాన్ని ఇక్కడ యూట్ అంటారు. ముందు కారు, వెనక తొట్టి. ముందు ముగ్గురు కూర్చోవచ్చు. మర్యాద ప్రకారం పెద్దవాణ్ణయిన నాకు కిటికీ పక్క చోటు రావాలి. కాని పారమ్మ కిటికీ పక్కన ముందే కూర్చుని, "మద్దెలో నువ్వు కూకో అన్నయ్యా, గేరు కర్ర మోకాలికి తగిలితే ఏటనుకోకు" అన్నది. బ్లూ మౌంటెన్స్ ఎక్కినంతసేపూ గేరు కర్ర తగులుతూనే ఉన్నది.

"పులిహోర తెచ్చినాను, తింటాడేమో అడుగన్నయ్యా."

"దాన్లో పసుపెంతేసిందో అడుగన్నా."

కటూంబా దగ్గర చూడవలసిన మూడు బండరాళ్లు ఉన్నాయని రవి పదే పదే చెప్పాడు. మేము చూసినది పొగమంచు. పొగమంచు ముందు నిలబడి పదిమంది ఫోటోలు తీసుకుంటున్నారు. అక్కడి బేకరీలో మాంసం కూరిన బిళ్లరొట్టె ఒకటి రెండు డాలర్ల ఎనభై సెంట్లు. నాటి లెక్కన మన డబ్బు డెబ్బై ఎనిమిది రూపాయలకు పైమాటే. ఆ ధరకు గుంటూరులో ఇద్దరు కడుపునిండా భోజనం చేయవచ్చు. నేను శాకాహారిని కనుక బంగాళాదుంపది అడిగాను. "బంగాళాదుంపదంటే, మాంసం మీద బంగాళాదుంప పెట్టినది" అని ఆ అమ్మాయి వివరించింది. పులిహోర తిన్నాము. సింహాద్రి కూడా తిన్నాడు, రెండుసార్లు పెట్టించుకున్నాడు. పారమ్మ కిటికీలోంచి మంచును చూస్తూ ఉండిపోయింది.

కొండ దిగి లిత్‌గో చేరేసరికి, ఎవరో తెర లాగినట్టు, ఎండ.

అక్కడ ఒక ఇనుప సామాన్ల దుకాణంలో గోడ రంగుల నమూనా కార్డు అడిగాను. ఏ గదికి అని దుకాణంలోని స్త్రీ అడిగింది. గదికి కాదు, తోలుకు అన్నాను. ఆమె నన్ను, నా మఫ్లరును, బయట యూట్‌ను చూసి, ఒక కార్డు ఇచ్చి, "ఈ రంగులు తోలుకు పట్టవు, లవ్. ఊరికే డబ్బు దండగ చేసుకోకు" అన్నది. ముక్కూ మొహం తెలియని స్త్రీ అరవై దాటినవాణ్ణి ప్రియమైనవాడా అని పిలవడం మా తెనాలిలో ఊహకందనిది. కార్డు ఉచితం. అందులో పన్నెండు గడులు, పాలమీగడ నుంచి కాఫీ గింజ దాకా, క్రమంగా ముదురుతూ.

ఊరి బయట గడ్డిమైదానంలో యూట్ తొట్టిలో కాన్వాసు పరచి, దాని మీద తోలు పరిచాము. తోలు రంగు రెండో గడికి సరిపోయింది. పసుపుకు ఆ కార్డులో గడి లేదు. అది ఎన్నో గడి దగ్గర కంటికి కనపడకుండా పోతుందో ఎదురుచూడటమొకటే మార్గం. సింహాద్రి తోలు అంచులు తడిమి చూస్తూ, బిరుసెక్కకుండా నడిమధ్యాహ్నం కాసేపు నీడకు లాగుతూ, పసిబిడ్డకు తలంటుపోసి ఎండలో కూర్చోబెట్టినట్టు కాచుకున్నాడు.

సాయంత్రానికి తోలు మూడో గడికి వచ్చింది. పసుపు నిమ్మపండు రంగు నుంచి ఎండుగడ్డి రంగుకు దిగింది. ఆ రాత్రి పారమ్మ, "దిగిందని సెప్పన్నయ్యా" అన్నది. చెప్పాను. "సూసినాను" అన్నాడు.

బాథర్స్ట్

ఆదివారం బాథర్స్ట్‌లో ఒక పార్కు పక్కన ఆపాము. అక్కడి వీధులు వెడల్పు. పూర్వం ఎడ్లబండ్లు తిరగడానికి అంత వెడల్పు ఉంచారని ఒకరు చెప్పారు. ఎంత పొడవు బండికి ఎంత వెడల్పు అని అడిగితే ఆయన సెలవు తీసుకున్నాడు.

తోలును ఎండలో పరచి, దాని మీద రంగుల కార్డు పెట్టి చూస్తుండగా, పార్కు బెంచీ మీది ఒక ముసలి రైతు పలకరించాడు.

"ఏం ఆరబెడుతున్నావు, మేట్? కంగారూ చర్మమా?"

"ఆవు భుజం తోలు. ఇటలీది."

"ఇక్కడ ఆవులు లేవా?"

ఆ ప్రశ్న నాకూ తోచినదే. వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను. ఆయన కాలు చాచి తన బూటు చూపించాడు. మామిడి టెంక ఎండినట్టు ముదురు గోధుమ రంగు, ముడతల్లో మెరుపు. ఇదీ అటువంటి తోలేనని, పెళ్లికి కొన్నదని, అడుగులు మాత్రం లెక్కలేనన్నిసార్లు మార్పించానని చెప్పాడు.

"కొన్నప్పుడు ధర ఎంత?" అన్నాను.

"రెండు వారాల కూలీ. భార్యకంటే బూట్లకే ఎక్కువ పెట్టాడని మా అత్తగారు ఊరంతా చెప్పింది."

"నిజమేనా?"

"ఉంగరం ధర నేనెవ్వరికీ చెప్పలేదు."

ఆయన భార్య పోయి నాలుగేళ్లయిందట. కుర్చీలోంచి లేవలేని రోజుల్లో కూడా ఆదివారం నాడు ఈ బూట్లకు మైనం పట్టించి తుడిచేదని, ఇప్పుడు తాను తుడుస్తుంటే ఎడమ బూటు మెరిసినంతగా కుడిది మెరవడం లేదని చెప్పాడు. నేను రెండు బూట్లనూ వంగి చూశాను. ఆయన చెప్పినది సత్యం. కొన్నప్పుడు ఏ రంగులో ఉండేదని అడిగితే, తొట్టిలోని తోలును చూపి, "అదే" అన్నాడు. ఆ 'అదే' నుంచి ఈ రంగుకు ఎన్ని గడులో చూడాలని జేబులో కార్డు కోసం చెయ్యి పెట్టాను. కార్డు లేదు.

కార్డు తోలు మీద ఉన్నది. అప్పటికి ఎంతసేపయిందో నేను చూసుకోలేదు. పరుగెత్తి వెళ్లి తీశాను. తోలంతా నాలుగో గడికి వచ్చింది. కార్డు కింద మాత్రం, కొలిచి కత్తిరించినట్టు, మూడో గడి రంగులో ఒక దీర్ఘచతురస్రం.

సింహాద్రి వచ్చి చూశాడు. తొట్టి అంచు పట్టుకొని తలవంచి నిలబడ్డాడు. అప్పుడు పారమ్మ నవ్వింది. దసరా తరువాత ఆమె నవ్వడం అదే మొదలు.

"నాను పసుపెట్టినాను, నువ్వు పెయింటు కొట్టు కాయితమెట్టినావు. సదువుకున్నోడికీ సదువు లేందానికీ లెక్క సరిపోనాది అన్నయ్యా."

"ఇది పోద్దా, పోదా?" అన్నాను సింహాద్రితో.

"ఎండ సేసిందాన్ని ఎండే సరిసెయ్యాల. మిగతాదంతా కప్పీ, దీన్నొక్కదాన్నే ఇప్పాల."

ఆనాటి దినపత్రిక మధ్యలో కార్డు కొలతకు కిటికీ కత్తిరించి, ఆ కిటికీలోంచి చతురస్రానికి మాత్రమే ఎండ తగిలేట్టు తోలు మీద కప్పాము. గాలికి కాగితం కదలకుండా నాలుగు పక్కలా పారమ్మ తన చేతుల్తో, మోచేతుల్తో అదిమి, ఆ మధ్యాహ్నమంతా తొట్టిలోనే కూర్చున్నది. సింహాద్రి కాసేపటికి తన టోపీ తీసి, నా చేతికిచ్చి, "ఎండ గట్టిగున్నాది. ఆవిడకియ్యి" అన్నాడు.

ఆరెంజ్

ఊరి పేరు నారింజ గాని, అక్కడ పండేవి ఆపిల్ పండ్లు. ఈ సంగతి ఎత్తి చూపితే స్థానికులు ఎవ్వరూ సిగ్గుపడరు.

మేము దిగిన మోటల్ ముందు పారమ్మ గట్టిగా ఏదో అనడం విని, పక్క గది ముందు కారు కడుగుతున్న ఒకాయన గొట్టం వదిలేసి వచ్చాడు. డాక్టరు సలీం, ఊరు కర్నూలు. ఇక్కడి ఆసుపత్రిలో చేరి ఆరు నెలలు, ఇంకా ఇల్లు దొరకలేదట.

"తెలుగు ఇని ఎన్ని దినాలైందో సార్! ఈడ నాతో తెలుగులో మాట్లాడేది ఫోను ఒక్కటే. రాత్రికి మీరు ముగ్గురూ నా కాడ్నే తినాల, అంతే. ఆంటీ, మీరు ఏం చేయొద్దు."

మా ఇద్దరికంటే పారమ్మ చిన్నది. ఆంటీ అన్న మాటకు ఆమె మొహం చూసి, సింహాద్రి మరొకవైపు తిరిగి దగ్గాడు.

మోటల్ గదిలోని ఒక్క పొయ్యి మీద ఆయన వంకాయ కూర, ఉగ్గాని చేశాడు. ఇక్కడ మరమరాలు దొరకవు. ఉదయం పాలల్లో వేసుకునే ఉబ్బిన బియ్యపు అటుకులతో చేశాడు. కొంచెం తియ్యగా ఉన్నది, అయినా గిన్నె మిగలలేదు.

తోలు సంగతి చెబితే ఆయన ప్లేటు పక్కన పెట్టి లేచి వచ్చి, వంగి వాసన చూశాడు. చాలాసేపు లేవలేదు.

"మా నాయనది తోళ్ల మండీ సార్. గుంతలల్లో తంగేడు చెక్క ఏసి నానబెడుతుండ్రి. బడికి పోతే నా పక్కన ఎవరూ కూకోకపోతుండ్రి, కంపు అని. నేను డాక్టరైందే ఆ వాసన నుంచి తప్పిచ్చుకోవల్లని. ఇదీ అదే వాసన. ఇప్పుడేమో బాగుంది."

తంగేడు చెక్కతో మన దేశంలో తోళ్లు పదును చేస్తారని నేనెరుగుదును. ఇటలీలో ఏ చెక్క వాడతారని అడిగితే సింహాద్రి చెప్పాడు: చెస్ట్‌నట్ కలప ఒకటి, దక్షిణ అమెరికా నుంచి వచ్చే గట్టి కలప ఒకటి, వాటిల్ అనే తుమ్మజాతి చెట్టు బెరడు ఒకటి. ఆ వాటిల్ పుట్టినిల్లు ఈ ఆస్ట్రేలియాయే; ఇక్కడి విత్తనాలు ఇతర ఖండాలకు పోయి తోటలయ్యాయి, ఆ బెరడు రసం ఇటలీ తొట్లలో చేరింది. దారి పొడుగునా పచ్చగా పూసి కనిపించిన చెట్లు అవేనట. ఎక్కడి బెరడు ఎక్కడి తోలులో చేరి ఎక్కడికి తిరిగి వచ్చిందో పటం మీద గీత గీసి చూపడం నాకు చేతనవును. అటువంటి తోలును నేను జీవితంలో మొదటిసారి చేతితో తాకినది మాత్రం పెండిల్ హిల్‌లో. మా ఇళ్లలో చెప్పులు గడప దాటి లోపలికి రావు. వాటిని కుట్టేవారిని కూడా రానిచ్చేవారు కాదు. తోలును ఉతికిన దుప్పటి మీద పరచి పసుపు కుంకుమలు పెట్టవచ్చునన్న ఆలోచన మా వైపు ఎవరికీ వచ్చేది కాదు. ఇది సింహాద్రితో అన్నాను.

"మా తాతది ఏ కులమో నాకు తెల్దన్నా. ఓడలోన అందరికీ ఒకటే బాన, ఒకటే గరిటి. దిగినాక ఎవులికి ఏ పని దొరికితే అదే కులం. పనికి బొట్టెడతాం" అన్నాడు. ఆ చివరి మాట అన్న తరువాత ఆగి, తాను ఎవరి పక్షాన మాట్లాడాడో గ్రహించినట్టు, మజ్జిగ అడిగాడు.

సోమవారం పొద్దున్నే తోలంతటినీ మళ్లీ ఎండలో ఉంచి, బయలుదేరే ముందు నీడలో పరచి చూశాము. నా కార్డు చతురస్రం ఎక్కడున్నదో నేనే కనుక్కోలేకపోయాను. పసుపూ కనపడలేదు. తోలంతా అయిదో గడి. అవి కలిసే చోటు అదే. కాని కుంకుమ పెట్టిన అయిదు చోట్లా వేలి కొన అంత చుక్కలు, ముదురు గోధుమ రంగులో, అలాగే ఉన్నాయి. కుంకుమలో పసుపుతో పాటు సున్నం కలుస్తుంది. సున్నం తగిలితే ఈ తోలు నల్లబడుతుంది, ఎండ దానిని తీయలేదు. నాలుగు చుక్కలు మూలల్లో ఉన్నాయి, చింత లేదు. అయిదోది వెన్నుగీత మీద, సరిగ్గా నడిమధ్యన.

గ్రేమ్ గారి పనిశాల

ఆ ఊళ్లో ఒక వీధి, ఒక ధాన్యపు గాదె, రెండు సారా దుకాణాలు. గ్రేమ్ డెబ్బై ఏళ్ల మనిషి, సన్నటివాడు. పనిశాల పాత ఉన్ని గోదాము. పారమ్మ లోపలికి రాలేదు, యూట్‌లోనే కూర్చుంటానన్నది.

తోలును బల్ల మీద పరిచీ పరచకముందే సింహాద్రి జరిగినదంతా చెప్పేశాడు. దారిలో నేను వేరే సలహా ఇచ్చాను: ముందు చూడనిచ్చి, అడిగితే చెప్పమన్నాను. అతను వినలేదు.

గ్రేమ్ విని, తోలు అంచు వంచి, కిటికీ వెలుగులో చూసి, చుక్క మీద గోరు పెట్టి గీకి, నాతో అన్నాడు: "చుక్కకేమీ లేదు. ముళ్లకంచె గీతలు, ఈగ కాట్లు లేని తోలు నేనింతవరకూ చూడలేదు. అసలు చిక్కు మీరు చేసిన ఎండ. నా దగ్గరున్న మరే తోలుతోనూ ఇది ఇప్పుడు కలవదు. జత మొత్తం, లేసుల కింద వచ్చే నాలుక ముక్కలతో సహా, ఈ ఒక్కదాంట్లోంచే రావాలి. రాకపోతే నాకు జత ఉండదు, అతనికి బల్ల ఉండదు."

నేను కాగితం మీద విస్తీర్ణం లెక్క వేసి చూశాను. సరిపోతుంది, బొటాబొటిగా. కాని తోలు గుడ్డ కాదు. పొట్టవైపు సాగుతుంది, వీపువైపు సాగదు. బూటు ముందుభాగం సాగని చోట నుంచి తీయాలి. ఎడమదీ కుడిదీ వెన్నుగీతకు ఇటూ అటూ ఒకే చోట నుంచి రావాలి, లేకపోతే కొన్నాళ్లకు ఒక బూటు వదులవుతుంది. ఆ వెన్నుగీత మీదే చుక్క ఉన్నది. చుక్కను వదిలేసి చుట్టూ కోస్తే ఒక ముక్క తక్కువ పడుతుంది.

సింహాద్రి అట్టముక్కల నమూనాలను తోలు మీద పేర్చాడు, తీశాడు, మళ్లీ పేర్చాడు. మధ్యాహ్నం గడిచింది. గ్రేమ్ తన పని తాను చేసుకుంటూ ఒక్కసారి కూడా ఇటు చూడలేదు. చూడకపోవడానికి ఆయన పడుతున్న శ్రమ నాకు కనబడింది. చివరకు సింహాద్రి మడమ వెనక భాగపు నమూనాను తిప్పి, చుక్క దాని అంచుకు వచ్చేట్టు పెట్టాడు. మడమ వెనక కుట్టు మీద నిలువుగా మరొక పట్టీ వస్తుంది. చుక్క దాని కిందికి పోతుంది. అప్పుడు గ్రేమ్ వచ్చి, పేర్పును ఒకసారి చూసి, కత్తి తానే తీసి అందించాడు.

కోయడం మంగళవారం ఉదయానికి ముగిసింది. పైభాగాల కుట్టు బుధవారం సాయంత్రానికి. మిగిలిన ముక్కలు నా దోసిట్లో పట్టాయి. కుట్టిన పైభాగాలను తడిపి, చెక్క పాదం మీద లాగి బిగించినప్పుడు ఎక్కడా ముడత పడలేదు.

నేను వెళ్లి పారమ్మను లోపలికి పిలిచాను. ఆమె ద్వారం దగ్గర చెప్పులు విడిచి, వట్టి కాళ్లతో వచ్చి, గోడవారగా నిలబడింది. గ్రేమ్ బూటును కిటికీ దగ్గర తిప్పి తిప్పి చూశాడు. మడమ పట్టీ మీద బొటనవేలు ఆన్చి, "ఎక్కడున్నదో తెలుసు కనుక నాకు కనబడుతున్నది. ఇంకెవరికీ కనబడదు" అన్నాడు. తరువాత సింహాద్రి వైపు తిరిగి, పారమ్మను గడ్డంతో చూపి అన్నాడు:

"వచ్చేసారి బొట్టు తోలుకు వెనకవైపు పెట్టమను."

సింహాద్రి ముక్కాలిపీట వెతుక్కొని కూర్చున్నాడు. వచ్చేసారి అన్న మాట అతనికి చేరడానికి కొంత సమయం పట్టింది. పారమ్మకు పట్టలేదు. ఆమె నా వైపు తిరగకుండా, నేరుగా భర్తతోనే అన్నది:

"ఎనకేపెడితే దేవుడికేటి అగుపిస్తాది? ఈ ముసిలోడికి బుర్రున్నాదా?"

"ఏమంటోంది?" అన్నాడు గ్రేమ్.

సింహాద్రి భార్యను చూశాడు.

"సరేనంటోంది" అన్నాడు.